రెండు స్ట్రోకులా? నాలుగు స్ట్రోకులా?

మినెసోటాకి కొత్తగా వచ్చిన తెలుగువాడు మొదటి చలికాలమంతా చలి గురించి మాట్లాడతాడు. రెండో చలికాలం హీటింగ్ బిల్లు గురించి మాట్లాడతాడు. మూడో చలికాలానికి పక్కింటాయన గరాజులో గుడ్డ కప్పి ఉన్న స్నోమొబైల్ వైపు దొంగచూపులు చూడ్డం మొదలుపెడతాడు. నాకిది తొమ్మిదో చలికాలం. బండి ఇంకా కొనలేదు. కొననిచ్చే ఉద్దేశం మా ఆవిడకి ఉన్నట్టూ లేదు. కానీ ఆ బండి ఇంజను చుట్టూ గత పాతికేళ్ళలో నడిచిన వ్యాపార కథ మాత్రం నన్ను వదలడం లేదు. చదివింది కంప్యూటర్ సైన్సు, చేసేది సాఫ్ట్‌వేర్ కన్సల్టింగు, మధ్యలో నీకీ ఇంజన్ల గొడవేమిటయ్యా అంటారా? అక్కడికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

ఊళ్ళో ఉండి చదివేవాళ్ళ కోసం ముందు బండి సంగతి. ముందు చక్రం ఉండాల్సిన చోట రెండు స్కీలు, వెనక యుద్ధ టాంకుకి ఉన్నట్టు గుండ్రంగా తిరిగే రబ్బరు పట్టా, మధ్యలో ఇంజను, పైన సీటు. అంతే. దీని పుట్టుక వెనక ఓ విషాదం ఉంది. 1934 చలికాలంలో కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్కు కొడుకు జబ్బుపడ్డాడు. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకెళ్ళే దారి లేక ఆ రెండేళ్ళ పిల్లాడు చనిపోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే కుస్తీ పడుతున్న ఆ తండ్రి ఇక దాన్ని వదల్లేదు. ఆయన కంపెనీ 1959లో తెచ్చిన చిన్న బండే స్కీడూ. ఇటు మా మినెసోటా ఉత్తరపు కొసన రోజో అనే ఊళ్ళో పొలారిస్ పుట్టింది. దాని స్థాపకుల్లో ఒకడైన ఎడ్గార్ హెటీన్ 1960లో అక్కణ్ణించి బయటికొచ్చి, థీఫ్ రివర్ ఫాల్స్ అనే ఇంకో చిన్న ఊళ్ళో ఆర్కిటిక్ క్యాట్‌కి పునాది వేశాడు. 1968లో జపాన్ నుంచి యమహా దిగింది. 1970ల మొదట్లో వందకి పైగా కంపెనీలు ఈ బళ్ళు చేసేవిట. 1971లో దాదాపు 5 లక్షల బళ్ళు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత పెట్రోలు సంక్షోభాలు, మంచు పడని చలికాలాలు వచ్చి అందరినీ ఊడ్చేశాయి. చివరికి మిగిలినవి పైన చెప్పిన నాలుగే.

ఇప్పుడు ఇంజను. మీ ఇంట్లో చేతక్ స్కూటరుంటే ఈ పాఠం సగం మీకు వచ్చేసినట్టే. పొద్దున్నే స్కూటర్ని ఓ పక్కకి వంచి, నిలబెట్టి, చోక్ లాగి కిక్కు మీద కిక్కు కొట్టడం, ఎంతకీ కదలకపోతే ప్లగ్గు ఊడదీసి గరుకు కాగితంతో రుద్దడం, పెట్రోలు బంకులో లీటర్ల లెక్కన పెట్రోలు, దానికి తగ్గ కొలతలో టూటీ ఆయిలు పోయించడం... అదంతా రెండు స్ట్రోకుల ఇంజను పుణ్యమే. అందులో పిస్టను ఒకసారి పైకీ ఒకసారి కిందకీ వెళ్తే చాలు, ఒక పేలుడు అయిపోతుంది. నాలుగు స్ట్రోకుల దాంట్లో అదే పనికి రెండుసార్లు పైకీ రెండుసార్లు కిందకీ తిరగాలి. పైగా గాలి రావడానికో తలుపు, పొగ పోవడానికో తలుపు, వాటిని తెరిచి మూసే కామ్ షాఫ్టు, అడుగున ఆయిలు తొట్టి... సంసారం పెద్దది. రెండు స్ట్రోకుల దానికి తలుపుల్లేవు. సిలిండరు గోడకి కన్నాలుంటాయి, పిస్టనే వాటిని మూసి తెరుస్తుంది. అందుకే తేలిక, చవక, ఎగిరి దూకే చురుకు.

లోపం కూడా అక్కడే ఉంది. కొత్త పెట్రోలు గాలితో కలిసి లోపలికొచ్చేటప్పటికి పొగ బయటికి పోయే కన్నం ఇంకా తెరుచుకునే ఉంటుంది. దాంతో వచ్చిన పెట్రోల్లో కొంత మండకుండానే బయటికి జారుకుంటుంది. పాత కార్బురేటరు ఇంజన్లలో ఇలా పోయేది పావు వంతు పైమాటే. దానికి తోడు మండిన ఆయిలు పొగ. హైదరాబాదులో ఒకప్పటి ఆటోల వెనక నిలబడినవాళ్ళకి నేను వర్ణించి చెప్పక్కర్లేదు.

ఆ ఆటోని తీసుకొచ్చి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో పెట్టినట్టు ఊహించుకోండి. ఒకటి కాదు, రోజుకి వందల కొద్దీ. 1990ల చివర్లో జరిగింది అదే. పశ్చిమ ద్వారం దగ్గర టికెట్లిచ్చే సిబ్బందికి పొగ తలకెక్కుతోందని వాళ్ళ గదుల్లోకి గొట్టాల్లో బయటి మంచి గాలి పంపాల్సొచ్చింది. దేశం మొత్తంలో స్వచ్ఛమైన గాలికి పేరుపడ్డ చోట! 2001 జనవరిలో, క్లింటన్ ప్రభుత్వం దిగిపోయే ముందు, పార్కులో స్నోమొబైళ్ళని క్రమంగా ఆపెయ్యాలని నిబంధన తెచ్చారు. బుష్ ప్రభుత్వం దాన్ని సడలించింది. మళ్ళీ కోర్టులు, మళ్ళీ స్టేలు. చివరికి తేలింది ఏమిటంటే, పొగా చప్పుడూ బాగా తక్కువున్న బళ్ళనే, అదీ లెక్క ప్రకారమే, లోపలికి రానిస్తామని. ఆ పరీక్షకి నిలిచినవి దాదాపు అన్నీ నాలుగు స్ట్రోకులవే. ఈలోగా 2002లో పర్యావరణ సంస్థ ఈపీఏ దేశమంతటికీ స్నోమొబైల్ పొగ పరిమితులు ప్రకటించింది, 2006 నుంచి మొదలుపెట్టి మెల్లమెల్లగా బిగించేలాగ.

ఇక్కడ ఒక్క క్షణం మనం ఆ నాలుగు కంపెనీల బోర్డు రూముల్లో కూర్చుందాం. గోడ మీద రాత స్పష్టంగా ఉంది. పొగ బండికి రోజులు దగ్గరపడ్డాయి. మీరైతే ఏం చేస్తారు?

యమహా వాళ్ళు చేసింది చూడండి. మోటారు సైకిళ్ళలో నాలుగు స్ట్రోకుల ఇంజన్లు చెయ్యడంలో వాళ్ళు చెయ్యి తిరిగినవాళ్ళు. ఆర్‌వన్ అనే రేసు బైకు ఇంజను, 998 సీసీ, నాలుగు సిలిండర్లది, తీసుకుని మంచు బండికి తగ్గట్టు మార్చి, 2003 మోడల్‌గా ఆర్‌ఎక్స్‌-1 అని దింపారు. అంతవరకూ నాలుగు స్ట్రోకుల స్నోమొబైల్ అంటే తాతయ్యలు నెమ్మదిగా తోలుకునే బండే. ఇది వచ్చి 140 హార్స్‌పవర్ పైన చూపించేసరికి అందరూ నోళ్ళు తెరిచారు. ఆ ఊపులో కొన్నేళ్ళలోనే యమహా తన రెండు స్ట్రోకుల బళ్ళు ఒక్కొక్కటే ఆపేసింది. వీకే 540 అనే మోతబరువు పని బండి ఒక్కటి మాత్రం మిగిలింది. మిగతాదంతా నాలుగు స్ట్రోకులే. పాతదానికి పూర్తిగా నీళ్ళొదిలేశారన్నమాట.

ఆ లెక్క ఎంత పొందిగ్గా ఉందో! చట్టం వాళ్ళ వైపుంది. పర్యావరణం వాళ్ళ వైపుంది. మన్నికా వాళ్ళ వైపే. ఆ ఇంజన్లు వేలాది మైళ్ళు గొణక్కుండా నడిచేవని వాడినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మనవైపు చూసినా అదే జరిగింది కదా. 1985లో నాలుగు స్ట్రోకుల హీరో హోండా సీడీ 100 వచ్చి, లీటరుకి ఎంతిస్తుందన్న ఒకే ఒక్క ప్రశ్నతో పదిహేనేళ్ళలో రోడ్డంతా ఆక్రమించింది. 2000లో పొగ నిబంధనలు బిగిశాక రెండు స్ట్రోకుల బైకులకి దాదాపు తెర పడింది. అంతకుముందే 1996లో ఆర్‌ఎక్స్ 100 ఆగిపోయింది. (చూశారా విచిత్రం, మన కుర్రకారు ఇప్పటికీ గుండెకి హత్తుకునే ఆ రెండు స్ట్రోకుల బండి కూడా యమహాదే.)

మరి ఇండియాలో గెలిచిన లెక్క మంచులో ఎందుకు తప్పింది? రెండు కారణాలు కనిపిస్తాయి నాకు.

మొదటిది బరువు. రోడ్డు మీద బైకు పదిహేను కిలోలు ఎక్కువ తూగినా రోడ్డేం బాధపడదు. మంచు బాధపడుతుంది. ముఖ్యంగా కొలరాడో, మొంటానా, యూటా కొండల్లో, నడుం దాకా దిగబడే పొడి మంచులో బండి మునగకుండా తేలాలి. ఏటవాలు మీద దాన్ని ఒక పక్కకి వాల్చి తిప్పాలి. ఇరుక్కుంటే దిగి, మంచు తవ్వి, చేతుల్తో ఎత్తి లాగాలి. మా పక్కింటాయనకి డెబ్భై దాటాయి, యాభయ్యేళ్ళుగా ఈ బళ్ళు తోలుతున్నాడు. ఒకసారి ఆయన్ని నాలుగు స్ట్రోకులది ఎందుకు కొనలేదని అడిగాను. "కొనేటప్పుడు హార్స్‌పవర్ చూస్తారు బాబూ, ఇరుక్కున్నప్పుడు కిలోలు చూస్తారు" అన్నాడు. కంపెనీ బ్రోషర్లన్నీ కలిపి చెప్పని సంగతి అది.

రెండోది ఇంకా ముఖ్యం. యమహా ముందుకి పరిగెడుతుంటే పాత ఇంజను ఒక చోట నిలబడి ఎదురుచూడలేదు. అదీ పరిగెత్తింది. కథలో నాకు ఎక్కువ నచ్చే మలుపు ఇదే. 2000 డిసెంబరులో ఓఎంసీ అనే పడవ మోటార్ల కంపెనీ దివాలా తీసింది. దాని ఎవిన్‌రూడ్ మోటార్ల వ్యాపారాన్ని 2001లో బొంబార్డియే కొనుక్కుంది. ఆ పడవ మోటార్ల మీద ఎదిగిన ఈటెక్ అనే పద్ధతి 2009 మోడల్ స్కీడూలోకి వచ్చింది. సూత్రం చెప్తే ఇంతేనా అంటారు. పెట్రోలు గాలితో కలిపి పంపితేనే కదా జారిపోతోంది? అయితే ముందు ఉత్త గాలే పంపు. పొగ కన్నం మూసుకుపోయే సమయం చూసి, అప్పుడు పెట్రోల్ని నేరుగా సిలిండర్లోకి చిమ్ము. పోయే దారి లేదు కాబట్టి పోదు. పొగ తగ్గింది, పెట్రోలు ఖర్చు తగ్గింది, తేలిక అలాగే ఉంది. పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్ తమ తమ ఇంజెక్షను పద్ధతులు తెచ్చాయి. స్కూటర్ని వంచి కిక్కు కొట్టే ఇంజనుకి కంప్యూటరు అమర్చారన్నమాట.

చట్టంలో ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. ఈపీఏ పరిమితి ఒక్కో బండికి విడిగా కాదు, ఒక కంపెనీ అమ్మే బళ్ళన్నిటి సరాసరికి. అంటే పొగ బాగా తక్కువుండే నాలుగు స్ట్రోకుల బళ్ళు కొన్ని అమ్మితే, ఆ మిగులుతో కాస్త ఎక్కువ పొగుండే రెండు స్ట్రోకులవీ అమ్ముకోవచ్చు. ఈ నియమం చదివినవాడికి అర్థమయ్యేది ఒకటే: రెండూ ఉంచుకో. స్కీడూ సరిగ్గా అదే చేసింది. దూరాలు తిరిగేవాళ్ళకీ, పనివాళ్ళకీ ఏస్ అనే నాలుగు స్ట్రోకుల ఇంజన్లు, కొండలెక్కేవాళ్ళకీ కుర్రాళ్ళకీ ఈటెక్ రెండు స్ట్రోకులు. రెండు రకాలకీ ఆస్ట్రియాలోని రోటాక్స్ ఫ్యాక్టరీయే ఆధారం. 2020 మోడల్‌కి వచ్చేసరికి ఫ్యాక్టరీలోనే టర్బో బిగించిన రెండు స్ట్రోకుల బండి అమ్మారు. చచ్చిపోతుందని అందరూ అనుకున్న ఇంజనుకి టర్బో!

యమహా సంగతి? 2014 మోడళ్ళ నుంచి ఆర్కిటిక్ క్యాట్ బండి శరీరంలో తన నాలుగు స్ట్రోకుల ఇంజను పెట్టి అమ్మడం మొదలైంది. ఆ పొత్తులోంచే 2017లో 200 హార్స్‌పవర్ దరిదాపుల టర్బో బండి పుట్టింది. గడ్డకట్టిన సరస్సు మీద తిన్నగా పరిగెత్తడంలో దానికి ఎదురులేదు. కానీ కొండల కోసం, చివరి రోజుల్లో, ఆర్కిటిక్ క్యాట్ చేసిన రెండు స్ట్రోకుల 800 బండి మీద తన పేరు వేసి అమ్ముకోవాల్సొచ్చింది. 2023లో స్నోమొబైల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అమెరికా, కెనడాల్లో 2025 మోడల్‌తో సరి. అర్ధ శతాబ్దం పైన నడిచిన కథ.

న్యాయంగా మాట్లాడుకోవాలి. నాలుగు స్ట్రోకుల వల్లే యమహా వెళ్ళిపోయిందంటే అది సగం నిజమే. ఈ బజారే కుంచించుకుపోయింది. ఇటీవల ప్రపంచమంతా కలిపి ఏడాదికి అమ్ముడయ్యేవి లక్ష చిల్లర బళ్ళు. 2023-24 చలికాలంలో మా మినెసోటాలోనే మంచు సరిగా పడలేదు; నేను జనవరిలో స్వెట్టరు మీద వాకింగుకి వెళ్ళాను. 2017లో ఆర్కిటిక్ క్యాట్‌ని కొన్న టెక్స్‌ట్రాన్ 2024 చివర్లో తయారీ ఆపింది. థీఫ్ రివర్ ఫాల్స్ జనాభా తొమ్మిది వేలు కూడా ఉండదు. అలాంటి ఊళ్ళో ఆ ఫ్యాక్టరీ ఆగితే ఏమవుతుందో, చక్కెర మిల్లు మూతబడిన ఊళ్ళు చూసినవాళ్ళకి చెప్పాలా? 2025లో కంపెనీ కొత్త చేతుల్లోకి వెళ్ళింది కాబట్టి ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంది. అంచేత ఇంజను ఒక్కటే విలన్ కాదు. కానీ బజారు చిక్కిపోయే రోజుల్లో కొండలెక్కే కొనుగోలుదారుని పదిహేనేళ్ళు పోటీవాళ్ళకి వదిలేసిన కంపెనీకి మిగిలే ఓపిక తక్కువ.

ఇంతకీ నా గొడవేమిటంటే, ఈ కథ నాకు ఈమధ్య ఆఫీసులో అక్కరకొచ్చింది. క్లయింటు ఒక ఇన్సూరెన్సు కంపెనీ. పాతికేళ్ళ నాటి కోబాల్ ప్రోగ్రాములు, రాత్రి పదకొండుకి మొదలై తెల్లవారి అయిదులోగా లక్షల క్లెయిములు లెక్క తేల్చాలి. పద్దెనిమిది నెలల్లో అంతా క్లౌడులో కొత్తగా రాసి పాతదాన్ని తీసి అవతల పారెయ్యాలన్నది ఒక ప్రతిపాదన. సిఫార్సు రాయాల్సింది నేను. ఆ పాత ప్రోగ్రాములు చూసే నలుగురిలో ఒక పెద్దాయన మనవాడే. గ్రీన్ కార్డు వరసలో పదకొండేళ్ళుగా నిలబడ్డాడు, పిల్ల కాలేజీకి రాబోతోంది. "ఏం రాస్తున్నారు?" అని ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. కాఫీ మిషను దగ్గర ఎదురైతే కప్పులోకి చూస్తూ పక్కకి తప్పుకునేవాడు. అడిగితేనే బావుండేదేమో.

జాలితో సిఫార్సులు రాయకూడదు. అలాగని ఫ్యాషనుతోనూ రాయకూడదు కదా. నేను అడిగిన ప్రశ్న పక్కింటాయన ప్రశ్నే: ఈ బండి ఇరుక్కునేది ఎక్కడ, అప్పుడు ఎత్తాల్సిన బరువేది? మా విషయంలో ఇరుక్కునే చోటు తెల్లవారి అయిదు గంటలు. కొత్త నమూనాని నెలాఖరు లోడుతో నడిపి చూస్తే ఏడైనా పూర్తవలేదు. పాతదాంట్లో పేరుకుపోయిన, ఎవరూ వాడని దార్లు కోసేస్తే నాలుగుంపావుకే అయిపోయింది. కస్టమర్లు చూసే వైపు మాత్రం కొత్తదాని ముందు పాతది తీసికట్టే. అదే రాశాను: అటు కొత్తది, ఇటు బాగుచేసిన పాతది, రెంటికీ మధ్య గట్టి కలుపు. ఎవరు ముందు చస్తారో ఇప్పుడే తేల్చక్కర్లేదని. పైవాళ్ళు రెండేళ్ళకి ఒప్పుకున్నారు. రెండేళ్ళంటే రెండేళ్ళే, ఆ తర్వాత మళ్ళీ లెక్క చూస్తారు. ఆ పెద్దాయనకి ఆ రెండేళ్ళు చాలతాయో లేదో వీసా బులెటినుకే తెలియాలి.

ఆదివారం ఫోనులో నాన్నగారికి ఈ స్నోమొబైళ్ళ కథంతా చెప్పాను. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్పయ్యేళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. అంతా విని, "ఒరే, కొత్తది గొప్పదైతే అవనీ. పాతదాన్ని బాగుచేసేవాడు ఎదుటివాడి షెడ్డులో ఉన్నాడో లేదో కనుక్కోవద్దూ?" అన్నారు. నేను ఇన్ని పేరాల్లో చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇప్పుడు ఇదే ఆట మూడోసారి మొదలైంది. బీఆర్‌పీ 2024 మోడళ్ళలో కరెంటు స్కీడూ తెచ్చింది. పొగ లేదు, చప్పుడు లేదు, ఒకసారి ఛార్జి చేస్తే మహా అయితే 50 కిలోమీటర్లు. కరెంటు బళ్ళే సర్వస్వం అనుకుని మొదలైన మాంట్రియల్ కంపెనీ టైగా 2024లోనే అప్పులవాళ్ళ నుంచి కోర్టు రక్షణ కోరింది. భవిష్యత్తు కరెంటుదే అంటున్నారు, కావచ్చు. పొగ బండికి రోజులు చెల్లాయన్న యమహా ఊహా తప్పు కాదు. ఆ పాత కార్బురేటరు బండి నిజంగానే పోయింది. దాని స్థానంలోకి వచ్చేది తమ బండే అనుకోవడం దగ్గరే లెక్క తేడా కొట్టింది.

బండి కొనాలనే కోరిక మాత్రం నాకింకా తీరలేదు. కొంటే గింటే రెండు స్ట్రోకులదే కొంటాను. నన్ను నేను ఎరుగుదును. నేను ఇరుక్కోవడం ఖాయం, ఎత్తాల్సింది మా ఆవిడ.